ఎక్స్-కిరణాలను కూడగట్టడం, దారి మళ్ళించడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో డిగ్రీ విద్యార్థులకు భౌతికశాస్త్రం చెప్పిన రోజుల్లోనూ, ఆ తర్వాత చిత్తూరు, శ్రీకాళహస్తి వైపు బడుల్లో సైన్సు ప్రదర్శనలకు వెళ్ళినప్పుడూ, కాంతి గురించి మాట ముగిసేసరికి ఎవరో ఒకరు ఎక్స్-కిరణాల ప్రస్తావన తెచ్చేవారు. వారిలో విద్యార్థులే కాక ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు, ఒకరిద్దరు నగల వ్యాపారులు కూడా ఉన్నారు. మళ్ళీ మళ్ళీ ఎదురైన ప్రశ్నలను, వాటికి నేను ఇచ్చే జవాబులను ఇక్కడ ఒకచోట చేర్చాను. పదో తరగతి స్థాయి కాంతి పాఠాలు గుర్తున్నవారు దీన్ని ఇబ్బంది లేకుండా చదవగలరు.

భూతద్దంతో ఎండను కూడగట్టి కాగితం కాల్చగలం కదా, ఎక్స్-కిరణాలను కూడా అలాగే ఎందుకు కూడగట్టలేం?

భూతద్దం పనిచేయడానికి కారణం గాజులోకి ప్రవేశించిన కాంతి దారి మార్చుకోవడం. గాజు వక్రీభవన గుణకం సుమారు 1.5, అంటే గాలితో పోలిస్తే తేడా సగానికి సగం. అంత తేడా ఉంది గనుకనే అరచేతిలో ఇమిడే గాజుబిళ్ళ జానెడు దూరంలో వెలుగును ఒక చుక్కగా మార్చగలుగుతోంది.

ఎక్స్-కిరణాల విషయంలో అదే గాజు దాదాపు లేనట్టే ప్రవర్తిస్తుంది. 8 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి గల ఎక్స్-కిరణాలకు గాజు వక్రీభవన గుణకం 1 కంటే పదిలక్షల్లో ఏడు వంతులు మాత్రమే తేడాగా ఉంటుంది. పైగా అది 1 కంటే ఎక్కువ కాదు, తక్కువ. ఈ తేడాను ఇకపై ‘లోటు’ అని పిలుస్తాను, ఎందుకంటే ఈ శాస్త్రమంతా ఆ చిన్న లోటుతో కాపురం చేయడం గురించే.

1895 నవంబరులో ఈ కిరణాలను గుర్తించిన రాంట్‌జెన్ మొదట చేసిన పనుల్లో ఒకటి వీటిని వంచి చూడటం. నీటితోను, ఎబొనైటుతోను, అల్యూమినియంతోను చేసిన పట్టకాల గుండా పంపి చూసి, గుర్తించదగిన వక్రీభవనం లేదని, కటకాలతో వీటిని కూడగట్టడం సాధ్యం కాదని ఆ ఏడాది డిసెంబరులో ప్రకటించారు. ఆయన పరికరాలకు అందిన మేరకు అది సరైన నిర్ణయమే. లక్షవంతుల్లో ఉన్న వంపు ఆనాటి ఫోటో పలక మీద కనబడే అవకాశం లేదు.

గుణకం 1 కంటే తక్కువ కావడానికి కారణం ఏమిటి?

ఉయ్యాలను దాని సహజమైన ఊపుకంటే నెమ్మదిగా అటూ ఇటూ కదిపితే అది మీ చేతితో పాటే కదులుతుంది. ఆ ఊపుకంటే చాలా వేగంగా కదిపితే మాత్రం మీ చెయ్యి ముందుకు వెళ్ళేటప్పుడు ఉయ్యాల వెనక్కి వస్తూ ఉంటుంది. పరమాణువులో కట్టుబడి ఉన్న ఎలక్ట్రాన్లకు కూడా ఇలాంటి సహజ పౌనఃపున్యాలు ఉన్నాయి. గాజులో అవి కంటికి కనిపించే కాంతి పౌనఃపున్యం కంటే ఎక్కువ కాబట్టి ఎలక్ట్రాన్లు కాంతి తరంగంతో కలిసి ఊగి దాన్ని వెనక్కి లాగుతాయి. గుణకం 1ని దాటుతుంది. ఎక్స్-కిరణాల పౌనఃపున్యం ఎలక్ట్రాన్లలో చాలావాటి సహజ పౌనఃపున్యాల కంటే బాగా ఎక్కువ కాబట్టి అవి ఎదురు దశలో ఊగుతాయి, గుణకం 1కి కొద్దిగా దిగువన నిలుస్తుంది. ఎలక్ట్రాన్లు కిక్కిరిసి ఉన్న బంగారం, ఇరిడియం, ప్లాటినం వంటి బరువైన లోహాల్లో లోటు ఎక్కువ. కిరణం శక్తి పెరిగేకొద్దీ ఎలక్ట్రాన్లు దాని ఊపును అందుకోలేకపోతాయి కాబట్టి లోటు శక్తి వర్గానికి విలోమంగా తగ్గిపోతుంది.

అయితే ఎక్స్-కిరణాలు పదార్థంలో కాంతి వేగాన్ని మించి పోతున్నట్టేనా?

కాదు. గుణకం 1 కంటే తక్కువైనప్పుడు మించేది దశా వేగం, అంటే తరంగ శిఖరం కదులుతున్నట్టు కనిపించే వేగం. శక్తిని, సమాచారాన్ని మోసుకుపోయే వేగం శూన్యంలో కాంతి వేగాన్ని దాటదు. సాపేక్షతా సిద్ధాంతానికి ఇక్కడ ఏ భంగమూ లేదు.

కటకం పనికిరాకపోతే మరి కిరణాన్ని వంచే దారి ఏది?

మే నెల మధ్యాహ్నం రేణిగుంట రోడ్డు మీద ద్విచక్ర వాహనంపై వెళ్ళినవారందరూ ఆ దారిని చూసే ఉంటారు. ముందు ఎక్కడో తారు మీద నీళ్ళు నిలిచినట్టు మెరుస్తుంది, దగ్గరికి వెళ్తే అక్కడ ఉండదు, మళ్ళీ అంతే దూరాన ఇంకోచోట మెరుస్తుంది. అది ఎండమావి.

గాలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు, తారును ఆనుకున్న గాలి 65 డిగ్రీలు అనుకుంటే ఆ రెండు గాలుల వక్రీభవన గుణకాల మధ్య తేడా లక్షలో రెండు వంతులకు మించదు. ఇంత అల్పమైన తేడా నిటారుగా చూసేవారికి ఏమీ చేయదు; కాళ్ళ దగ్గరి రోడ్డు రోడ్డులాగానే కనిపిస్తుంది. దూరంగా, నేలకు దాదాపు సమాంతరంగా, 0.36 డిగ్రీల కంటే తక్కువ కోణంలో వచ్చే ఆకాశపు వెలుగును మాత్రం అదే తేడా పూర్తిగా పైకి తిప్పి పంపుతుంది. కంటి ఎత్తు 1.4 మీటర్లు అనుకుని లెక్క వేస్తే ఆ మెరుపు సుమారు 220 మీటర్ల అవతల మొదలవుతుంది. మనం కదిలినకొద్దీ అది జరిగిపోవడానికి కారణం కూడా ఆ కోణమే.

ఇప్పుడు వేడి గాలి స్థానంలో గాజును, పైనున్న గాలి స్థానంలో శూన్యాన్ని, ఆకాశపు వెలుగు స్థానంలో ఎక్స్-కిరణాన్ని ఉంచి చూడండి. శూన్యం గుణకం 1. గాజు గుణకం అంతకంటే ఒక వెంట్రుక తక్కువ. అంటే ఎక్స్-కిరణం దృష్టిలో గాజు కంటే శూన్యమే ‘సాంద్రమైన’ యానకం. సాంద్ర యానకం నుంచి విరళ యానకం వైపు పోయే కిరణం సందిగ్ధ కోణాన్ని దాటి ఏటవాలుగా తగిలితే సంపూర్ణంగా పరావర్తనం చెందుతుందని బడిలో చదువుకున్నాం. ఇక్కడ ఆ పని గాజు బయటే జరుగుతుంది కాబట్టి దీన్ని సంపూర్ణ బాహ్య పరావర్తనం అంటారు. ఆర్థర్ కాంప్టన్ 1920ల మొదట్లో దీన్ని ప్రయోగంతో చూపించారు.

తలాన్ని ఆనుకొని కొలిచే ఆ హద్దు కోణం లోటును రెట్టింపు చేసి వర్గమూలం తీస్తే రేడియన్లలో వస్తుంది. 8 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర గాజుకు సుమారు 0.22 డిగ్రీలు, బంగారానికి అర డిగ్రీ పైచిలుకు. మన ఎండమావి కోణం సరిగ్గా ఈ రెంటి నడుమ పడటం చూసి మొదటిసారి నేనే ఆశ్చర్యపోయాను. ఒక తేడా మాత్రం చెప్పాలి: వేడి గాలిలో మార్పు పొరలు పొరలుగా జరుగుతుంది కాబట్టి అక్కడ వెలుగు మెల్లగా వంగుతుంది, అద్దం అంచు దగ్గర మార్పు ఒక్కసారిగా జరుగుతుంది. హద్దు కోణం లెక్క మాత్రం రెంటికీ ఒకటే.

అర డిగ్రీ కోణంలో పనిచేసే అద్దంతో దూరదర్శిని ఎలా కడతారు?

ఇబ్బంది మీరు ఊహించినదే. ఎదురుగా వచ్చే కిరణాలకు అర డిగ్రీ కోణంలో వాలి ఉన్న మీటరు పొడవు అద్దం కేవలం 9 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీగా మాత్రమే కనిపిస్తుంది. మిగతా వెలుగంతా పక్కనుంచి పోతుంది. పైగా ఒకే పరావలయాకార అద్దాన్ని వాడితే సరిగ్గా మధ్యలో ఉన్న నక్షత్రం చుక్కగా పడుతుంది గాని, కాస్త పక్కన ఉన్నవి తోక సాగిన మచ్చలుగా చెదిరిపోతాయి.

రెండో ఇబ్బందికి పరిష్కారాన్ని జర్మనీకి చెందిన హన్స్ వోల్టర్ 1952లో చూపారు. కిరణాన్ని ముందు పరావలయం ఆకారపు గొట్టం లోపలి గోడకు, వెంటనే దాని వెనుక అమర్చిన అతిపరావలయం ఆకారపు గోడకు, అంటే రెండుసార్లు తగిలేలా చేస్తే ఆ తోకలు చాలావరకు తొలగిపోతాయి. ఆయన ఉద్దేశం సూక్ష్మదర్శిని కట్టడం. నక్షత్రాల వైపు తిప్పాలన్న ఆలోచన రికార్డో జకోనీ, బ్రూనో రోసీలది. 1960లో దాన్ని ప్రతిపాదించారు. ఎక్స్-కిరణ ఖగోళశాస్త్రానికి బాట వేసినందుకు జకోనీకి 2002లో నోబెల్ బహుమతి లభించింది.

మొదటి ఇబ్బందికి, అంటే వెలుగు పక్కనుంచి జారిపోవడానికి, పరిష్కారం ఇంకా సూటిగా ఉంటుంది. అడుగు కోసేసిన స్టీలు గ్లాసులను పెద్దదానిలో చిన్నది చొప్పున, మధ్యలో సందు వదిలి నిలబెట్టినట్టు ఊహించుకోండి. ఒక గ్లాసు గోడకు తగలకుండా పోయిన కిరణం లోపలి గ్లాసు గోడకు తగులుతుంది. అన్ని గోడలూ తమకు దక్కిన కిరణాలను ఒకే నాభికి పంపుతాయి. 1999 జులైలో ప్రయోగించిన చంద్రా దూరదర్శినిలో ఇలాంటి గాజు జతలు నాలుగే ఉన్నాయి, ఇరిడియం పూత పూశారు, నాభి 10 మీటర్ల దూరంలో ఉంటుంది. అదే ఏడాది డిసెంబరులో యూరప్ పంపిన ఎక్స్‌ఎంఎం-న్యూటన్‌లో మూడు దూరదర్శినులు, ఒక్కొక్క దానిలో 58 పలుచని, బంగారు పూత గొట్టాలు. నాలుగు మందపాటి గాజులతో చంద్రా పదునైన బొమ్మ తీస్తుంది, 58 పలుచని గొట్టాలతో న్యూటన్ ఎక్కువ వెలుగు పోగుచేస్తుంది. పదునూ పరిమాణమూ రెండూ ఒకే అద్దంలో కావాలంటే బరువు, ఖర్చు మీద పడతాయి.

చంద్రా పేరు మన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరేనని విద్యార్థులకు గుర్తుచేయడం నాకు అలవాటు.

ఆ అద్దాలు ఎంత నునుపుగా ఉండాలి?

చంద్రాలో ఒక్కొక్క అద్దం పొడవు సుమారు 83 సెంటీమీటర్లు. దాని మీద మిగిలిన ఎగుడుదిగుడుల ఎత్తు కొద్ది పరమాణువులంత, అంటే ఒక మిల్లీమీటరులో పదిలక్షవ వంతు కంటే తక్కువ. ఆ అద్దాన్ని చంద్రగిరి, పూతలపట్టు మీదుగా తిరుపతి నుంచి చిత్తూరు పోయే 70 కిలోమీటర్ల రోడ్డంత పొడవుకు సాగదీస్తే, ఆ దారి మొత్తం మీద ఎత్తైన గతుకు ఒక మిల్లీమీటరులో 40వ వంతు ఉంటుంది. ఆ రోడ్డు మీద తిరిగేవారికి ఇంతకంటే వివరించనక్కర లేదు.

అంత నునుపు ఎందుకంటే, ఎక్స్-కిరణం తరంగదైర్ఘ్యమే పరమాణువంత ఉంటుంది. నిజానికి ఏటవాలుగా తగలడం వల్లనే మనం కొంత బయటపడుతున్నాం: గతుకు ఎత్తు కిరణానికి ఆ చిన్న కోణం నిష్పత్తిలో తగ్గి కనిపిస్తుంది. నిటారుగా తగలవలసి వస్తే ఏ గాజూ తట్టుకునేది కాదు.

శ్రీహరికోట నుంచి వెళ్ళిన మన ఉపగ్రహాల్లో ఇలాంటి అద్దాలు ఉన్నాయా?

ఉన్నాయి. 2015 సెప్టెంబరు 28న పీఎస్‌ఎల్‌వీ-సీ30 మోసుకెళ్ళిన ఆస్ట్రోశాట్‌లో ముంబయిలోని టాటా మౌలిక పరిశోధనా సంస్థ నేతృత్వంలో తయారైన సాఫ్ట్ ఎక్స్-రే టెలిస్కోప్ ఉంది. బంగారు పూత పూసిన పలుచని అల్యూమినియం రేకులను శంకువు ఆకారంలో ఒకదానిలో ఒకటి అమర్చారు, నాభ్యంతరం 2 మీటర్లు, 0.3 నుంచి 8 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల వరకు పనిచేస్తుంది. సరైన పరావలయం బదులు శంకువు వాడటం వల్ల పదును తగ్గుతుంది గాని, రేకు తేలికగా, చవకగా ఉంటుంది. ఆ రాకెట్టు లేచిన నాడు శ్రీహరికోట నెల్లూరు జిల్లాలో ఉండేది. 2022 పునర్విభజనలో ఆ ప్రాంతం తిరుపతి జిల్లాలోకి వచ్చింది.

అదే ఆస్ట్రోశాట్‌లోని ఇతర ఎక్స్-కిరణ పరికరాలు కిరణాలను కూడగట్టవు. వాటిలో ఒకటి రంధ్రాల పలక నీడను నమోదు చేసి, ఆ నీడ ఆకారాన్ని బట్టి కిరణం ఏ దిక్కునుంచి వచ్చిందో లెక్కకడుతుంది. 2024 జనవరి 1న వెళ్ళిన ఎక్స్‌పోశాట్‌లో రామన్ పరిశోధనా సంస్థ చేసిన పోలిక్స్ పరికరంలో కూడా అద్దం లేదు, దిక్కును పరిమితం చేసే కొలిమేటర్లే ఉన్నాయి. అది చూసే 8 నుంచి 30 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల మేరలో అద్దాలు కట్టడం అంత సులభం కాదు.

ఇవన్నీ ఆకాశంలోకి ఎందుకు పోవాలని చాలామంది అడుగుతారు. వాతావరణం ఎక్స్-కిరణాలను పూర్తిగా పీల్చేస్తుంది కాబట్టి తిరుమల కొండ మీద కాదు గదా, హిమాలయాల మీద పెట్టినా ఒక్క నక్షత్రపు ఎక్స్-కిరణం అందదు.

శక్తి ఎక్కువైన కిరణాలకు ఏం చేస్తారు?

శక్తి రెట్టింపైతే హద్దు కోణం సగమవుతుంది. 40, 50 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గరకు వచ్చేసరికి ఒక్క పూతతో నడిచే అద్దం కోణం డిగ్రీలో పదోవంతు అయిపోతుంది. అక్కడ ఎండమావి సూత్రాన్ని వదిలి వేరే సూత్రాన్ని ఆశ్రయించాలి.

చంద్రగిరి అవతల గాదంకిలో ఉన్న రాడార్ తరంగం దాదాపు 5.7 మీటర్ల పొడవుంటుంది. అంత పొడవు తరంగానికి ఇనుప జాలీ కూడా నునుపైన అద్దమే, ఎందుకంటే జాలీ కన్నాలు తరంగం కంటే చాలా చిన్నవి. ఎక్స్-కిరణం దగ్గరకు వచ్చేసరికి సంగతి తిరగబడుతుంది. దాని తరంగదైర్ఘ్యం పరమాణువుల మధ్య దూరానికి సమానంగా ఉంటుంది కాబట్టి స్ఫటికం దానికి నునుపైన గోడ కాదు, వరుసలు తీరిన చుక్కల ముగ్గు. ఆ వరుసల నుంచి చెదిరిన తరంగాలు కొన్ని దిక్కుల్లో ఒకదానికొకటి తోడై బలపడతాయి. 1912లో మాక్స్ ఫాన్ లావే ప్రతిపాదనపై జరిగిన ప్రయోగం దీన్ని చూపింది. మరుసటి ఏడాది బ్రాగ్ తండ్రీకొడుకులు దాన్ని సరళమైన సూత్రంగా నిలబెట్టారు: పొరల మధ్య దూరాన్ని రెట్టింపు చేసి, కిరణం కోణపు సైన్‌తో గుణిస్తే తరంగదైర్ఘ్యానికి పూర్ణాంక గుణిజం రావాలి. సిలికాన్ స్ఫటికంలో 0.3135 నానోమీటర్ల దూరంలో ఉన్న పొరలు 8 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల కిరణాన్ని సుమారు 14 డిగ్రీల కోణంలో పరావర్తనం చేస్తాయి. అర డిగ్రీతో పోలిస్తే 14 డిగ్రీలు ఎంత విశాలమో గమనించండి. అయితే ఒక కోణంలో ఒక తరంగదైర్ఘ్యమే తిరిగి వస్తుంది, మిగతావి పోతాయి. స్ఫటికాన్ని వంచి పెడితే అదే కూడగట్టే అద్దం కూడా అవుతుంది.

స్ఫటికం ప్రకృతి ఇచ్చిన పొరల దొంతర. ఆ దొంతరను మనమే వేసుకోవచ్చు. బరువైన లోహం, తేలికైన పదార్థం ఒకదాని మీద ఒకటి నానోమీటర్ల మందంతో వందల పొరలు పేర్చి, లోతు మారేకొద్దీ మందాన్ని మార్చుతూ పోతే విశాలమైన శక్తుల మేరకు పనికొచ్చే అద్దం తయారవుతుంది. 2012లో ప్రయోగించిన నూస్టార్ దూరదర్శినిలో 133 గొట్టాలకు ఇలాంటి పూతలే ఉన్నాయి. అది 79 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఆగిపోవడానికి కారణం ముచ్చటైనది: 78.4 దగ్గర పూతలోని ప్లాటినం తానే కిరణాలను గట్టిగా పీల్చడం మొదలుపెడుతుంది.

ఎక్స్-కిరణాలకు పొరుగున ఉండే 13.5 నానోమీటర్ల అతినీలలోహిత కాంతికి మాలిబ్డినం, సిలికాన్ పొరల అద్దాలు దాదాపు 70 శాతం వెలుగును నిటారుగా తిప్పి పంపగలవు. నేటి అధునాతన చిప్పులను ముద్రించే యంత్రాలు వీటి మీదే ఆధారపడ్డాయి.

అంటే ఎక్స్-కిరణాలకు కటకం ఎప్పటికీ అసాధ్యమేనా?

వందేళ్ళ పాటు అలాగే అనుకున్నారు. 1996లో ఫ్రాన్సులోని గ్రెనోబుల్ సింక్రోట్రాన్ (ఎలక్ట్రాన్లను వలయంలో వేగంగా తిప్పి ఎక్స్-కిరణాలు పుట్టించే యంత్రం) కేంద్రంలో అనతోలీ స్నిగిరెవ్ బృందం అల్యూమినియం దిమ్మెలో వరుసగా సన్నని రంధ్రాలు తొలిచి ఎక్స్-కిరణాలను కూడగట్టి చూపింది. ఆలోచన ఎంత సులువో చూడండి. నీటిలోని గాలి బుడగ కాంతిని చెదరగొడుతుంది, ఎందుకంటే బుడగ గుణకం నీటికంటే తక్కువ. ఎక్స్-కిరణాలకు అల్యూమినియం కంటే ఖాళీ గుణకమే ఎక్కువ కాబట్టి అల్యూమినియంలోని ఖాళీ రంధ్రం కుంభాకార కటకం పని చేస్తుంది.

ఒక్క రంధ్రం చేసే వంపు అత్యల్పం. 0.3 మిల్లీమీటర్ల వ్యాసార్ధం గల రంధ్రానికి, 14 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర లోటు పదిలక్షల్లో 2.8 వంతులు అనుకుంటే, నాభ్యంతరం దాదాపు 54 మీటర్లు. అలాంటివి 30 వరుసగా పెడితే 1.8 మీటర్లకు దిగివస్తుంది. రాంట్‌జెన్ మాట తప్పు కాలేదు. ఒక కటకం చాలదు, ముప్పై కావాలి అన్నది మాత్రం తేలింది. లోహం కిరణాలను పీల్చుకోవడం ఇక్కడి అసలు శత్రువు కాబట్టి తర్వాతి కాలంలో తేలికైన బెరీలియంతో, పరావలయం ఆకారంలో ఇలాంటి కటకాలు చేశారు.

వలయ ఫలకం ఇంకో రకం కటకం. మధ్య నుంచి అంచుకు పోయేకొద్దీ సన్నబడుతూ పోయే వలయాలను పలుచని పొర మీద బంగారంతో గీస్తారు. అది కిరణాలను వక్రీభవనంతో కాక వివర్తనంతో, అంటే సన్నని సందుల గుండా పోయే తరంగం వంగి విస్తరించే గుణంతో, ఒకచోటికి చేరుస్తుంది. అన్నిటికంటే బయటి వలయం ఎంత సన్నగా గీయగలిగితే నాభి చుక్క దాదాపు అంత చిన్నదవుతుంది.

ఫైబర్ కేబుల్‌లో వెలుగు పోయినట్టు ఎక్స్-కిరణాలను గొట్టంలో నడిపించవచ్చా?

నడిపించవచ్చు. అయితే ఇళ్ళకు ఇంటర్నెట్టు తెచ్చే ఫైబర్‌లో వెలుగు గాజు లోపల పోతుంది. ఎక్స్-కిరణం గాజు గొట్టంలోని ఖాళీలో పోవాలి, గోడలకు ఒరుసుకుంటూ, చిల్లపెంకు చెరువు నీటి మీద కప్పగంతులు వేసినట్టు. సోవియట్ శాస్త్రవేత్త మురాదిన్ కుమఖోవ్ 1980లలో వేల సన్నని గొట్టాల కట్టను కొద్దికొద్దిగా వంచి, అన్ని గొట్టాల మొనలూ ఒకే బిందువును చూసేలా అమర్చే పద్ధతిని అభివృద్ధి చేశారు.

గొట్టం ఎందుకు సన్నగా ఉండాలో ఒక చిన్న లెక్క చెబుతుంది. 10 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర గాజు హద్దు కోణం 3 మిల్లీరేడియన్లు, అంటే సుమారు 0.17 డిగ్రీలు. గొట్టం లోపలి వెడల్పును రెట్టింపు చేసి, కోణం వర్గంతో భాగిస్తే గొట్టాన్ని ఎంత వ్యాసార్ధం దాకా వంచవచ్చో వస్తుంది. వెడల్పు 10 మైక్రాన్లయితే 2.2 మీటర్లు, 100 మైక్రాన్లయితే 22 మీటర్లు. సన్నని గొట్టం వంగుతుంది, లావుపాటి గొట్టం వంగదు. 2.2 మీటర్ల వ్యాసార్ధంతో 10 సెంటీమీటర్లు నడిపిస్తే కిరణం రెండున్నర డిగ్రీలు తిరుగుతుంది. వీధి మలుపు తిప్పినట్టు 90 డిగ్రీలు తిప్పాలన్న ఆశ పెట్టుకోకూడదు.

నగల దుకాణంలో బంగారం స్వచ్ఛత చూపే కేరట్ మీటరులో కూడా ఇవే ఉంటాయా?

కేరట్ మీటరు నగ మీద ఎక్స్-కిరణాలు వేసి, లోహం తిరిగి విడుదల చేసే ఎక్స్-కిరణాల శక్తిని చదువుతుంది. బంగారం 9.7, 11.4 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, రాగి 8 దగ్గర, వెండి 22 దగ్గర తమ సంతకాలు పెడతాయి. దుకాణాల్లోని చాలా యంత్రాల్లో కిరణాన్ని కూడగట్టే ఏర్పాటు ఉండదు, చిన్న రంధ్రం గుండా పంపుతారు, అంతే. పురావస్తువుల మీద గాని, చిప్పుల మీద గాని వెంట్రుక కంటే సన్నని చోటును పరీక్షించవలసిన ఖరీదైన యంత్రాల్లో పైన చెప్పిన గొట్టాల కట్టలు వాడతారు.

వ్యాపారులు అడగని, కొనేవారు తెలుసుకోవలసిన సంగతి ఇంకొకటి ఉంది. బంగారం తన ఎక్స్-కిరణాలను తానే పీల్చుకుంటుంది కాబట్టి యంత్రం చదివేది పైనున్న కొద్ది మైక్రాన్ల మందాన్నే. మందంగా పూత వేసిన నగ దాన్ని మోసగించగలదు. హాల్‌మార్కింగులో నమూనా గీకి పుటం పెట్టి తూచే పద్ధతి ఇప్పటికీ ప్రామాణికంగా నిలవడానికి ఇది ఒక కారణం.

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసేవారు ‘ఫోకస్’ అంటుంటారు. అక్కడ కిరణాలను కూడగడతారా?

కూడగట్టరు. గొట్టం లోపల ఎలక్ట్రాన్లను లోహపు పలక మీద ఒక మిల్లీమీటరు అటూ ఇటూ ఉండే చుక్క మీదికి కూడగడతారు. ఆ చుక్కనే వారు ఫోకస్ అంటారు. అక్కడ పుట్టిన ఎక్స్-కిరణాలు దీపం వెలుగులా అన్ని వైపులకూ విచ్చుకుపోతాయి, సీసపు పలకలతో అనవసరమైన వాటిని అడ్డుకుంటారు. ఫిలిం మీద పడేది ఎముకల నీడ. దీపం ఎంత చిన్నదైతే నీడ అంచు అంత స్పష్టంగా ఉన్నట్టే, ఆ చుక్క ఎంత చిన్నదైతే బొమ్మ అంత పదునుగా ఉంటుంది. కేన్సర్ చికిత్సలో కూడా కిరణపుంజాన్ని కదిలే లోహపు రేకులతో కణితి ఆకారానికి కత్తిరిస్తారే గాని కటకంతో కూడగట్టరు. అక్కడి శక్తులకు ఏ అద్దమూ పనిచేయదు.

అలిపిరి తనిఖీ కేంద్రంలో సంచులు పంపే యంత్రంలో?

అక్కడా కూడగట్టడం లేదు. సన్నని చీలిక గుండా విసనకర్రలా పరచిన కిరణం ఉంటుంది, సంచి బెల్టు మీద కదులుతుంటే గీత తరువాత గీతగా బొమ్మ తయారవుతుంది. రెండు శక్తుల్లో శోషణను పోల్చి సేంద్రియ పదార్థాలకు నారింజ రంగు, లోహాలకు నీలం రంగు వేస్తుంది. రేణిగుంట విమానాశ్రయంలో మీ లడ్డూలు తెర మీద నారింజ రంగులో కనబడటం వాటి సొంత రంగు వల్ల కాదు, ఈ ఏర్పాటు వల్ల.

రొయ్య కన్నుకూ ఎక్స్-కిరణాలకూ సంబంధం ఉందంటారు, నిజమేనా?

నిజమే. పులికాట్ తీరంలో రొయ్యలు పట్టేవారికి దాని కన్ను ఒక వింతగా తోచకపోవచ్చు గాని, రొయ్య, ఎండ్రరొయ్య కళ్ళు మన కన్నులా కటకంతో పనిచేయవు. చతురస్రాకారపు చిన్న గొట్టాల వరుసలు గోళం మీద పరచి ఉంటాయి. వాటి గోడల నుంచి పరావర్తనం చెందిన వెలుగు లోపల ఒకచోట కలుస్తుంది. జీవశాస్త్రజ్ఞులు 1970లలో ఈ సంగతి బయటపెట్టారు. ఏటవాలు పరావర్తనం తప్ప వేరే దిక్కు లేని ఎక్స్-కిరణాలకు ఇదే నమూనా సరిపోతుందని 1979లో రోజర్ ఏంజెల్ సూచించారు. వోల్టర్ దూరదర్శిని ఆకాశంలో చిన్న ముక్కనే చూస్తుంది. ఈ కన్ను విశాలమైన ఆకాశాన్ని ఒకేసారి చూడగలదు. 2024 జనవరిలో చైనా ప్రయోగించిన ఐన్‌స్టైన్ ప్రోబ్ ఇలాంటి కన్నుతో 3600 చదరపు డిగ్రీల మేర ఒకే చూపులో చూస్తోంది.

భూమి మీద ఎక్స్-కిరణాలను ఎంత చిన్న చుక్కగా కూడగట్టారు?

స్టాన్‌ఫర్డ్‌లో పాల్ కర్క్‌పాట్రిక్, ఆల్బర్ట్ బేజ్ 1948లో ఒక ఏర్పాటు చేశారు: ఒక వంపు అద్దం కిరణాన్ని అడ్డంగా కూడగడుతుంది, దానికి లంబంగా నిలబెట్టిన రెండోది నిలువుగా కూడగడుతుంది. ఆ బేజ్ ప్రసిద్ధ గాయని జోన్ బేజ్ తండ్రి. సింక్రోట్రాన్లలో ఇప్పటికీ ఈ జంట అద్దాలే ఎక్కువ. 2010లో జపానులోని స్ప్రింగ్-8 కేంద్రంలో ఇలాంటి అద్దంతో 20 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల కిరణాన్ని ఒక దిక్కులో 7 నానోమీటర్ల వెడల్పుకు కూడగట్టారు.

మన దేశంలో ఈ పని దగ్గరగా చూడదలచిన విద్యార్థులకు ఇందోరులోని ఇండస్-2 సింక్రోట్రాన్ ఉంది, 2.5 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల ఎలక్ట్రాన్లు 172.5 మీటర్ల చుట్టుకొలత గల వలయంలో తిరుగుతుంటాయి. పరిశోధక విద్యార్థులు తమ ఆచార్యుల ద్వారా అక్కడ ప్రయోగ సమయం కోసం దరఖాస్తు చేసుకోవచ్చు.

ఎక్స్-కిరణాలు లేకుండా కళాశాలలో చేసి చూడగల ప్రయోగం ఏదైనా ఉందా?

ఎక్స్-కిరణ గొట్టాలతో ఇంట్లో గాని, అనుమతి లేని ప్రయోగశాలలో గాని ఏ ప్రయత్నమూ చేయకూడదు. మన దేశంలో వాటి వాడకాన్ని అణుశక్తి నియంత్రణ మండలి పర్యవేక్షిస్తుంది. కంటికి కనిపించే వెలుగుతో మాత్రం ఏటవాలు పరావర్తనాన్ని చక్కగా చూడవచ్చు.

మెరుగు పట్టని కడప బండ ఒకటి గాని, మామూలు నోటుపుస్తకం అట్ట గాని తీసుకోండి. కిటికీకి ఎదురుగా నిలబడి పైనుంచి చూస్తే అందులో ఏ ప్రతిబింబమూ కనబడదు. ఇప్పుడు దాన్ని కంటి ఎత్తుకు తెచ్చి, దాని తలం వెంబడి చూపు జారేలా, కిటికీ వైపు సమంగా పట్టుకోండి. కోణం రెండు మూడు డిగ్రీలకు తగ్గేసరికి గరుకు అట్ట మీద కిటికీ ఊచలు ఒక్కొక్కటిగా తేలుతాయి. అట్టను కొంచెం కిందికి దించి కోణం పెంచితే అవి మాసిపోతాయి. ఏ కోణం దగ్గర మాసిపోతున్నాయో స్కేలుతో కొలిచి, బండకూ అట్టకూ ఆ కోణాలు ఎంత తేడాగా ఉన్నాయో పట్టిక వేసి చూడండి.